ఇరవై ఏడో పడవ అభిప్రాయం

గఫాన్యా ఊళ్ళో కొత్తగా కాపురం పెట్టినవాళ్ళకి ఇరుగుపొరుగు చెప్పే మొదటి బుద్ధి ఒకటుంది. వలేరియో సంగతి ఎవరైనా ఎత్తితే నోరు మూసుకుని కాఫీ తాగమని. ఈ వలేరియో మనిషి కాడు. నూరేళ్ళ కిందట లిస్బన్ రచయిత ఒకాయన, ఒకే ఒక్క సీజను కాడ్ చేపల ఓడెక్కి ఉత్తరాది చలిసముద్రాలకి పోయి వచ్చి రాసిన నవలలో కుర్రాడు. పుస్తకం పేరు 'వలేరియో మొదటి ఏడు'. పదహారేళ్ళ పిల్లవాడు ఏప్రిల్లో ఏడుస్తూ ఓడెక్కుతాడు. ఆరు నెలలు మంచులో, ఓడమీంచి దింపిన ఒంటిమనిషి పడవలో గాలాలు లాగుతాడు. అక్టోబరుకి మగాడై ఒడ్డుకి దిగుతాడు. కథ అంతే. దేశమంతా దాన్ని బడిలో చదివి, పరీక్ష రాసి, మర్చిపోయింది. ఈ ఊరు మాత్రం మర్చిపోలేదు. అది తన కథేనని ఈ ఊరికి నమ్మకం. తన కథని పై ఊరివాడెవడో వచ్చి తప్పుగా చెప్పి పోయాడని అంతకన్నా గట్టి నమ్మకం.

ఇక అక్కడినుంచి ఊరు రెండుగా చీలింది. చర్చి పక్క మంగలిషాపులో పుస్తకం మెచ్చుకునేవాళ్ళు జుట్టు కత్తిరించుకుంటారు, రేవు దగ్గర షాపులో తిట్టేవాళ్ళు. బడిపంతుళ్ళు దాన్ని నెత్తిన పెట్టుకుంటే, సముద్రం మీద నిజంగా చేతులు పగలగొట్టుకున్నవాళ్ళు సగంమంది దాన్ని నేలకేసి కొట్టారు. మిగతా సగం మంది అది చదివి చాటుగా కళ్ళు తుడుచుకున్నారు గానీ ఒప్పుకోరు. ఆడవాళ్ళ ఫిర్యాదు వేరు. మూడో పేజీలో రుమాలు ఊపి మళ్ళీ ఆఖరి పేజీలో కనిపించే తల్లి తప్ప పుస్తకంలో ఎక్కడా ఆడపురుగు లేదు. మరి ఆ చేపలన్నీ కళ్ళాల్లో తిప్పి తిప్పి ఎండబెట్టింది ఎవరు, రుమాళ్ళా అని వాళ్ళ ప్రశ్న.

జుల్మీరా కూడా ఆ కళ్ళాల్లోనే పద్నాలుగో ఏట చేరిన మనిషి. ఉప్పు చేపలు మోసి మోసి చేతులు మొద్దుబారాక, ఫ్యాక్టరీలో పెట్టెలు కట్టి, ఈమధ్యే పని మానేసింది. ఇప్పుడు అరవై ఒకటి. తండ్రి డెల్ఫిం సరబాందో, ఆమె ఎనిమిది నెలల పిల్లగా ఉన్నప్పుడు గ్రీన్‌లాండ్ దగ్గర పొగమంచులో పడవతో సహా మాయమయ్యాడు. ఇంట్లో ఆయన ఫోటో ఒకటే ఉంది, అందులో టోపీ నీడ సగం మొహాన్ని మింగేసింది. ఎలాంటివాడమ్మా అని అడిగితే తల్లి 'మంచివాడు' అనేది, ఆపైన పొయ్యి వైపు తిరిగేది. మిగిలింది చర్చి గోడకి ఉన్న రాయి. ఆ రాతి మీద సముద్రంలో పోయినవాళ్ళందరి పేర్లూ, పేరు పక్కన పడవ అంకెలూ చెక్కి ఉంటాయి. డెల్ఫిం సరబాందో, పడవ 27, ఆగస్టు 1958. చిన్నప్పుడు బడిలో అంకెలు నేర్పితే ఇరవై ఏడు దగ్గరికి వచ్చేసరికి జుల్మీరా గొంతు మారేదట.

పన్నెండేళ్ళ కిందట లైబ్రరీ అటకమీద పాత పెట్టె విప్పితే, లైబ్రేరియన్ బెనీల్డెకి ఆ వలేరియో నవల పాత ప్రతి దొరికింది. ఉప్పునీటికి అట్టలు ఉబ్బి ఉన్నాయి. లోపల మార్జిన్ల నిండా పెన్సిలు రాతలు. ఎవరో ఓడలోకి తీసుకుపోయిన పుస్తకం. రాసినవాళ్ళ పేర్లు లేవు, పడవ అంకెలే ఉన్నాయి. ఓడమీద మనిషిని పేరుతో పిలిచే అలవాటు తక్కువ, పడవ అంకెతోనే కేకేసేవారు. వంటవాడు కుర్రాడికి రెండోసారి చారు పోసిన చోట ఎనిమిది నంబరు రాశాడు: ఇంత మంచి వంటవాడున్న ఓడ ఎక్కడుందో చెప్పండి, రేపే ఎక్కుతా. కెప్టెన్ కొరడా తీసిన చోట నలభై ఒకటి: నాకు ఈ కెప్టెన్ నచ్చాడు, ముందు చెప్పి మరీ కొడతాడు.

ఇరవై ఏడో పడవవాడి రాతలూ ఉన్నాయి. ఆ సంగతి తెలిసిన రోజు జుల్మీరా ఫ్యాక్టరీ బట్టలతోనే లైబ్రరీకి పరుగెత్తింది.

అయితే ఇరవై ఏడులు ఇద్దరున్నారు. ఒకడు నల్ల పెన్సిలు వాడు, ఒకడు ఊదా పెన్సిలు వాడు. నల్లవాడిది మెత్తని మనసు. వలేరియో మొదటి రోజు దుప్పటిలో మొహం దాచుకుని ఏడిస్తే, పక్కన 'నేనూ ఇలాగే ఏడ్చాను, ఇందులో సిగ్గేమీ లేదు' అని రాశాడు. కుర్రాడు ఇంటికి ఉత్తరం రాసే చోట 'ఇది రాసినాయనకి దండం' అని రాశాడు. ఊదావాడు మూర్ఖుడు. కుర్రాడు పడవలో కూర్చుని నక్షత్రాలు లెక్కపెడితే 'అబద్ధం, వేళ్ళు కొంకర్లు పోయినవాడు దేన్నీ లెక్కపెట్టడు' అంటాడు. సూర్యాస్తమయం మీద రచయిత రెండు పేజీలు రాస్తే 'మరి గాలం ఎవడు లాగుతున్నాడు, వీడి తాతా?' అంటాడు. ఇక తిండి గోల ఒకటి. నాలుగు పేజీలకోసారి 'వీడు పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, ఎవరూ చూడరేం?' అని సతాయింపు.

నల్ల పెన్సిలు పదో అధ్యాయంలో ఆగిపోయింది. నాన్న అక్కడే పోయాడు కాబోలని జుల్మీరా అనుకుంది. ఇలాంటి పుస్తకాలు ఓడలు మారుతూ ఉంటాయని అందరూ అనేవారు, కాబట్టి ఊదావాడు ఇంకేదో ఓడలో ఇరవై ఏడు అయి ఉంటాడు. ఇద్దరివీ ఒకే రకం పెద్దపెద్ద అక్షరాలు అయినా ఆమె అనుమానపడలేదు, ఆ రోజుల్లో అందరూ అలాగే రాసేవారనుకుంది. పన్నెండేళ్ళుగా ప్రతి గురువారం సాయంత్రం లైబ్రరీకి పోయి నల్ల పెన్సిలు రాతలు చదువుకుంటూ వచ్చింది. లేని తండ్రిని అలా గీతగీతగా పోగుచేసుకుంది. మధ్యలో ఊదావాడు అడ్డొస్తే మాత్రం పైకే తిట్టేది. నీకేం పనిరా, నోరు మూసుకో, మా నాన్నని మాట్లాడనీ అనేది. బెనీల్డె కౌంటరు వెనకాల నవ్వుకునేది.

ఇప్పుడు నవలకి నూరేళ్ళు నిండుతున్నాయని లైబ్రరీ ప్రదర్శన పెడుతోంది. నడిమధ్యన అద్దాల పెట్టెలో ఆ పాత ప్రతి. దాని పక్కన పెట్టే అట్టముక్క మీద ఏం రాయాలో గురువారం లైబ్రరీలో చేరే చదువరుల కూటంలో తేల్చాలి. అందులో ఎవరిస్తో అనే బడి మాస్టారు ఒకాయన, ముప్పై ఏళ్ళు ఆ నవల పాఠం చెప్పి, పన్నెండో అధ్యాయం దగ్గర ముప్పై సార్లూ ఏడ్చిన మనిషి. అట్టముక్క ఆయనే రాసి తెచ్చాడు. 'నేనూ ఇలాగే ఏడ్చాను, ఇందులో సిగ్గేమీ లేదు. డెల్ఫిం సరబాందో, పడవ 27.' జుల్మీరా ఆ సంగతి అప్పటికే రొట్టెల కొట్లో, చేపల బజార్లో, చర్చి మెట్ల మీద చెప్పేసింది. నాన్న పేరు రాతి మీదనుంచి దిగి, మాటతో సహా నలుగురి ముందూ నిలబడబోతోంది. ఆమెకి అంతకన్నా కావలసింది లేదు.

లియొకాడియా అమ్మగారు అప్పుడు గొంతు సవరించుకుంది. ఆవిడ, డెల్ఫిం ఆఖరిసారి ఎక్కిన 'బోవా నోవా' ఓడ కెప్టెన్ కూతురు. డెబ్భై దాటినా వెన్ను వంగలేదు. నవలలో కొరడా కెప్టెన్ తన తండ్రేనని ఊరు గుసగుసలాడుతుంది. నవల రాసేనాటికి తన తండ్రి ఇంకా పుట్టనైనా లేదని ఆవిడ వెయ్యిసార్లు చెప్పి అలిసిపోయింది, కూటానికి మాత్రం పోట్లాడడానికైనా తప్పకుండా వస్తుంది. ఆవిడ పుస్తకం వెనక అట్ట తిప్పి, ఉప్పుకి చెరిగిన గుండ్రటి మరక మీద వేలు పెట్టింది. అది మరక కాదు, బోవా నోవా ముద్ర. ఇంట్లో నాన్న బల్లమీద ఆ ముద్రదిమ్మ ఇప్పటికీ ఉంది. పుస్తకం నాన్నే కొన్నాడు, యాభై ఏడులో ఒకసారి, యాభై ఎనిమిదిలో ఒకసారి ఓడెక్కించాడు, తర్వాత లైబ్రరీకి ఇచ్చేశాడు. వేరే ఓడ మొహం అది చూడలేదు.

"ఇరవై ఏడులిద్దరూ మా ఓడవాళ్ళే జుల్మీరా," అంది. "మీ నాన్న అందులో ఏ ఇరవై ఏడో తెలియకుండా అట్ట ఎలా రాస్తారు?"

ఆ మాటలో వెటకారం సగం, సత్యం సగం. సత్యం ఉన్న సగమే ఎక్కువ గుచ్చుకుంది. ఎవరిస్తో మాస్టారు అట్టముక్కని మెల్లగా సంచిలో పెట్టేసుకున్నాడు. ఆ ఓడవాళ్ళలో ఇంకా ఎవరైనా బతికున్నారా అని బెనీల్డె అడిగింది. ఒక్కడే ఉన్నాడు. అల్బానో. ఎనభై మూడేళ్ళు. ఉప్పునీటి కయ్య ఒడ్డున కోళ్ళు పెంచుకుంటూ ఉంటాడు. ఊళ్ళో ఎక్కడికైనా వస్తాడు గానీ లైబ్రరీ వీధిలోకి రాడు, చుట్టు తిరిగి పోతాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఇక్కడ ముసలి ఓడవాళ్ళకి ఏవో పట్టింపులుంటాయి, వాటి జోలికి ఎవరూ పోరు.

ఆ రాత్రి జుల్మీరాకి అన్నం సయించలేదు, నిద్రా పట్టలేదు. తన తండ్రి ఆ ఊదావాడైతే? పన్నెండేళ్ళు తను మనసిచ్చి చదువుకున్నది ఎవడో పరాయివాణ్ణయితే? పోనీ అడగకుండా ఊరుకుంటే అని కూడా అనుకుంది. అలా ఊరుకోగలిగిన మనిషి కాదు. పొద్దున్నే బెనీల్డె దగ్గర పుస్తకం అడిగి తీసుకుని, శుభ్రమైన తువ్వాల్లో చుట్టి, పచ్చసొన మిఠాయిలు అరడజను కొని, కయ్య ఒడ్డుకి నడిచింది.

అల్బానో కోళ్ళకి మొక్కజొన్న నూక వేస్తున్నాడు. తువ్వాలు విప్పేసరికి చేతిలో గిన్నె కింద పెట్టేశాడు. పుస్తకాన్ని ముట్టుకోలేదు, చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూశాడు.

"బాబాయ్, ఇందులో మా నాన్న రాత ఏది?" అంది జుల్మీరా. ఉపోద్ఘాతాలు ఆమెకి రావు.

"మీ నాన్న రాత ఇందులో లేదమ్మా. ఇదంతా నా రాత."

"ఇరవై ఏడుదా?"

"ఇరవై ఏడుదీ, ఎనిమిదిదీ, నలభై ఒకటిదీ. ఆ ఓడలో చదువు వచ్చింది ముగ్గురికే. కెప్టెనూ, ఆయన కింది అధికారి మేటూ, ఆ తర్వాత నేను. మీ నాన్నకి తన పేరులో మొదటి అక్షరం వచ్చు. అది కూడా తలకిందులుగా రాసేవాడు."

జుల్మీరా కోళ్ళ గూడు పక్కన ఉన్న పీట మీద కూలబడింది. అల్బానో తనూ కూర్చుని మెల్లగా చెప్పుకొచ్చాడు. గాలి ఎక్కువై పడవలు దింపని రోజుల్లో, ఓడ ముక్కు దగ్గర ఇరుకు గదిలో అందరూ చేరేవారు. అల్బానో పైకి చదివేవాడు. యాభైమంది యాభై రకాలుగా అరిచేవారు. ఒకడు రచయితని మెచ్చుకుంటే ఒకడు వాడి వంశాన్ని తిట్టేవాడు. ఒకసారి చారు గిన్నెలు కూడా ఎగిరాయి. కొట్టుకోకుండా ఉండాలని అల్బానో ఒక పద్ధతి పెట్టాడు. చెప్పేదేదో వరసన చెప్పండి, పుస్తకంలోనే రాస్తాను, ఇక అది చెరగదు అన్నాడు. ఒక్కొక్కణ్ణీ పడవ అంకెతో పిలిచి, 'ఏం రాయను?' అని అడిగి, వాడు చెప్పింది చెప్పినట్టు రాసేవాడు.

"అయితే ఇరవై ఏడులు ఇద్దరెందుకున్నారు?" అంది జుల్మీరా.

అల్బానో ఆమె వైపు ఆశ్చర్యంగా చూశాడు. "అంకె పుట్టుమచ్చ అనుకున్నావా ఏమిటి? ప్రతి ఏడూ ఓడెక్కగానే టోపీలో చీటీలు వేసి తీసేవాళ్ళం. మంచి పడవ, పాత పడవ అని తగువు రాకుండా. పోయినేడు మూడు, ఈ ఏడు ముప్పై. ఎవడి అదృష్టం వాడిది."

ఒడ్డున పెరిగిన ఆడవాళ్ళకి ఆ సంగతి ఎవరు చెప్తారు? రాతి మీద చెక్కిన అంకె పేరులాగే ఎప్పటికీ మనిషిదేనని జుల్మీరా అనుకుంది. తల్లి కూడా అలాగే అనుకుని చచ్చిపోయింది. ఏ అంకె ఎవరిది బాబాయ్ అని అడిగింది.

యాభై ఏడులో ఇరవై ఏడు అల్బానోదే. అప్పుడు నల్ల పెన్సిలు. ఆ ఏడు చేప విరగబడి పడింది, చదవడానికి తీరిక లేదు, పదో అధ్యాయానికే ఓడ నిండి ఇంటిముఖం పట్టారు. యాభై ఎనిమిదిలో కొత్తవాళ్ళు చాలామంది వచ్చారు, డెల్ఫిం వాళ్ళలో ఒకడు, అంతకుముందు వేరే ఓడలో ఉండేవాడు. వాళ్ళకోసం మళ్ళీ మొదటినుంచీ చదివారు. అల్బానో తన పెన్సిలు సముద్రంలో జారవిడుచుకున్నాడు. అందుకని మేటు దగ్గర కాపీ పెన్సిలు అడుక్కున్నాడు. అది నాలుక మీద తడిపితే ఊదా రంగు రాస్తుంది. టోపీలోంచి ఇరవై ఏడు తీసింది డెల్ఫిం.

"మొదటి రోజు ఏడ్చింది నేనమ్మా," అన్నాడు అల్బానో నేల చూస్తూ. "చదివేవాణ్ణి నేనే, రాసేవాణ్ణీ నేనే కదా, నా మాట కూడా దొంగచాటుగా అక్కడక్కడ రాసుకున్నాను. నువ్వు మీ నాన్న అనుకుని చదువుకున్నది నన్ను. నన్ను క్షమించు."

జుల్మీరాకి ఏడుపు వచ్చింది. క్షమించడానికి ఆయన చేసిన నేరమేమీ లేదు, అయినా ఏదో దోచుకుపోయినట్టే అనిపించింది. మెత్తని మనసున్న తండ్రి పోయాడు. మిగిలింది తాతని తిట్టే మొరటువాడు. మా నాన్న అంత కటువా బాబాయ్ అని అడిగింది.

అల్బానో నవ్వాడు. నోరే కటువు అన్నాడు. డెల్ఫిం తనకి పెట్టిన రొట్టెలో సగం ఎప్పుడూ ఎవడో కొత్త కుర్రాడి గిన్నెలో ఉండేది, అడిగితే నాకు అరగదు అని బొంకేవాడు. వలేరియో తినలేదని నిజంగానే బాధపడేవాడు. కథలో కుర్రాడు, వాడికి ఆకలేమిటి అని అందరూ ఎగతాళి చేసేవారు. కథ అయితే మాత్రం, రాసినవాడికి ఒక ముద్ద రాయడానికి ఏం రోగం అనేవాడు. ఆ ఏడు కూతురు పుట్టిందని ఓడలో ప్రతివాడికీ చెప్పాడు, చెప్పినవాళ్ళకే మళ్ళీ చెప్పాడు.

తర్వాత అల్బానో అసలు మాట చెప్పాడు. పంతొమ్మిదో అధ్యాయం. వలేరియో పడవ పొగమంచులో దారి తప్పింది. అల్బానో చదవడం అక్కడ ఆపాడు. "ఇంకో పేజీ చదవరా అన్నాడు మీ నాన్న. కళ్ళు మండుతున్నాయి, రేపు చదువుతానులే అన్నాను. మర్నాడు గాలి తగ్గింది, పడవలు దింపారు. పొగమంచు దిగింది. మేం అందరం వచ్చేశాం, ఇరవై ఏడు రాలేదు. ఆ తర్వాత ఆ పుస్తకం నేను విప్పలేదు, ఎవరూ విప్పమనలేదు. ఒక్క పేజీ. చదివి ఉంటే ఏం పోయేది?"

అరవై ఏళ్ళు ఆ మనిషి లైబ్రరీ వీధి తప్పించుకు తిరిగింది ఆ ఒక్క పేజీకి. జుల్మీరా తన ఏడుపు మర్చిపోయి ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పంతొమ్మిదో అధ్యాయం చివర తీసింది. అక్కడ ఊదారంగులో ఆఖరి మాట ఉంది. ఎన్నోసార్లు చూసింది, ప్రతిసారీ మొహం చిట్లించుకుని దాటేసింది. ఇప్పుడు పైకి చదివింది. "ఇరవై ఏడు: వీడు వెర్రివెధవ. కానీ వీడు ఇల్లు చేరకపోతే ఈ పుస్తకాన్ని సముద్రంలో గిరాటేస్తా. చేరితే, ముందు ఎవరైనా వీడికి ఇంత తిండి పెట్టండి."

చదివాక ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయింది. కోళ్ళు బెదిరి అటూ ఇటూ పరుగెత్తాయి.

"పన్నెండేళ్ళు పోట్లాడాను బాబాయ్ ఈయనతో. నోరు మూసుకోమన్నాను, ఏరా అన్నాను. తండ్రితో అన్నేళ్ళు పోట్లాడే భాగ్యం నాకు లేదనుకున్నాను. ఉందన్నమాట."

అల్బానో మిఠాయి ఒకటి తీసుకుని, తినకుండా చేతిలోనే పట్టుకుని, ఇంతకీ చేరాడా అని అడిగాడు. ఎవరు అంది జుల్మీరా. ఆ కుర్రాడు అన్నాడు. ఈ ఊళ్ళో ఉండి అరవై ఏళ్ళుగా వలేరియో కథకి అంతం తెలియని మనిషి ఈయనొక్కడే. ఎవరైనా ఆ మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాడట. డెల్ఫింకి తెలియనిది తనకెందుకని. జుల్మీరా నోటిదాకా వచ్చిన జవాబుని మింగేసి, గురువారం లైబ్రరీకి రా, నేను చదువుతాను అంది.

వస్తాడని ఆమెకి గట్టి నమ్మకం లేదు. గురువారం నాలుగయ్యేసరికి అల్బానో పెళ్ళికి వెళ్ళేవాడిలా నల్ల కోటు వేసుకుని లైబ్రరీ వీధి మొదట్లో నిలబడి ఉన్నాడు. అక్కడినుంచి అడుగు పడడం లేదు. జుల్మీరా వెళ్ళి చెయ్యి అందించింది. ఆయన ఆ చెయ్యి పట్టుకుని నడిచాడు.

లోపల కూటం అంతా ఉంది. సంగతి ఊరంతా పాకి, రెండు మంగలిషాపులవాళ్ళూ వచ్చి గోడల వెంట నిలబడ్డారు. జుల్మీరా పుస్తకం విప్పబోతే అల్బానో ఆపాడు. చీటీలు వేయకుండా చదవడం పద్ధతి కాదన్నాడు. ఎవరిస్తో మాస్టారు టోపీ ఇచ్చాడు, బెనీల్డె కాగితాలు చింపి అంకెలు రాసింది. అందరూ తలా ఒకటి తీశారు. లియొకాడియా అమ్మగారికి నలభై ఒకటి పడింది. కెప్టెన్ని వెనకేసుకొచ్చిన అంకె అది, ఆవిడ మొహం వెలిగిపోయింది. జుల్మీరా కూడా టోపీలో చెయ్యి పెట్టబోతే అల్బానో అడ్డుపడ్డాడు.

"నీకొద్దు. తిరిగిరాని పడవ అంకె మళ్ళీ టోపీలో వెయ్యం. అది వాళ్ళ ఇంటివాళ్ళది. ఇరవై ఏడు నీది."

ఆమె పంతొమ్మిదో అధ్యాయం ఆగిన చోటునుంచి మొదలుపెట్టింది. మిగిలినవి ఐదే అధ్యాయాలు, చిన్నవి. అయినా రెండు గంటలు పట్టింది, ఎందుకంటే ఎవరూ నోరు మూసుకోలేదు. పొగమంచులో కుర్రాడు పాట పాడుకుంటే రేవు షాపువాళ్ళు ఇదెక్కడి చోద్యమని అరిచారు, చర్చి షాపువాళ్ళు వాళ్ళని కూర్చోబెట్టారు. కెప్టెన్ స్వయంగా గంట కొట్టిస్తూ తెల్లారేదాకా నిలబడిన చోట లియొకాడియా అమ్మగారు చేతిసంచి బల్లమీద కొట్టి, చూశారా, ఇది మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకోరు అంది. ఎవరిస్తో మాస్టారు తనకి అలవాటు లేని చోట కూడా ఏడ్చాడు. కుర్రాడు గంట విని ఓడ చేరినప్పుడు అల్బానో కళ్ళు మూసుకుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద గట్టిగా అదుముకున్నాడు. కథలో కుర్రాడు చేరాడు, డెల్ఫిం చేరలేదు. ఆ మాట గదిలో అందరికీ తెలుసు. ఆ పేజీ దగ్గర ఎవరూ అరవలేదు.

జుల్మీరా ఆఖరి పేజీ తిప్పింది. ఎన్నోసార్లు చదివిన పేజీయే. వలేరియో అక్టోబరు సాయంత్రం ఇంటి తలుపు తడతాడు. తల్లి తీస్తుంది. గడ్డం మొలిచిన కొడుకుని పోల్చుకోవడానికి కాస్త సేపు పడుతుంది. ఎలా ఉన్నావని అడగదు, ఏడవదు. బల్ల ముందు కూర్చోబెట్టి, వేడి చారూ, మొక్కజొన్న రొట్టే పెడుతుంది. కుర్రాడు తలెత్తకుండా తింటాడు. నవల అక్కడితో అయిపోతుంది. ఆ చారు గిన్నె ఇన్నాళ్ళూ ఆమెకి ఒక చారు గిన్నెగానే కనిపించింది. నవలంతా తిండి తిండి అని ఎవరు గోలపెట్టారో ఇప్పుడు తెలుసు గనక, ఆ నాలుగు వాక్యాలూ చదవడానికి ఆమె రెండుసార్లు ఆగాల్సి వచ్చింది.

లియొకాడియా అమ్మగారు లేచి, సంచిలోంచి పొట్టి పెన్సిలు ఒకటి తీసి అల్బానో ముందు పెట్టింది. తండ్రి బల్లసొరుగులో, ముద్రదిమ్మ పక్కనే దొరికిందట. ఓడ కాపీ పెన్సిలు. ఇది మా నాన్నది, ఆయనది కొరడా పట్టిన చెయ్యి కాదు, ఇది పట్టిన చెయ్యి అని మాత్రం అంది.

అల్బానో దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసి, నాలుక మీద తడిపి, పుస్తకం తన వైపు లాక్కున్నాడు. ఆఖరి పేజీ మార్జిన్ ఖాళీగా ఉంది. పెద్దపెద్ద అంకెలతో 27 అని వేసి, రెండు చుక్కలు పెట్టి, తలెత్తాడు. ఓడలో అడిగినట్టే అడిగాడు.

"ఇరవై ఏడు, ఏం రాయను?"

అందరూ జుల్మీరా వైపు చూశారు. నవల మంచిదా చెడ్డదా అని నూరేళ్ళుగా తేలని ఊరు అది. ఎవరి పక్షం చెప్తుందోనని రెండు షాపులవాళ్ళూ మెడలు చాచారు.

"ఇల్లు చేరాడు నాన్నా, అన్నం తిన్నాడు అని రాయి బాబాయ్."

అల్బానో చెప్పింది చెప్పినట్టు రాశాడు, అక్షరం మార్చలేదు. తర్వాత పెన్సిలు మళ్ళీ తడుపుకుని, ఎనిమిది నంబరుని పిలిచాడు. అప్పటికే ఆయన నాలుక ఊదారంగుకి తిరిగింది.